గోడలున్నను మరమ్మతు తప్పదు

హైదరాబాదు పాతబస్తీలో మిగిలియున్న పాత దేవిడీలను చూచినవారికి వాటి కట్టడములోని ఒక పద్ధతి తెలిసియుండును. వీధినుండి వచ్చిన అతిథి దివాన్‌ఖానాలో కూర్చుండును. మాటలును అచటనే, చాయ్ అచటనే. లోపలి జనానా భాగమునకు అతనికి ప్రవేశము లేదు. కృష్ణా గోదావరీ తీరములలోని మండువా లోగిళ్లలోను ఇదే నియమము వేరొక రూపములో కనిపించును. బేరమునకు వచ్చినవాడు వీధి అరుగుమీదనే ఆగును. చుట్టము మండువా వరకు వచ్చును. ధాన్యపు కొట్టు తాళపుచెవి మాత్రము ఇంటి పెద్ద చేతిలోనే ఉండును. వచ్చినవాడు చెడ్డవాడని దీనికి అర్థము కాదు. ఎవరు ఎట్టివారో ముందుగా తెలియదు కనుక, ఎవరిని ఎంతవరకు రానీయవలెనో ఇంటి కట్టడమే నిర్ణయించుచున్నది.

మనము వాడు కంప్యూటర్లలో అధిక భాగము ఇట్టి ఇండ్లు కావు. అవి ఒకే పెద్ద హాలు వంటివి. బ్యాంకు ఖాతా చూచుకొనుట, అపరిచితుడు పంపిన ఫైలును తెరచుట, స్కాలర్‌షిప్పు దరఖాస్తును నింపుట, అన్నియు ఆ హాలులోనే జరుగును. ఒక మూలనుండి ప్రవేశించిన దొంగకు నాలుగు మూలలును అందుబాటులో ఉండును. ఈ లోపమును గుర్తించి, యంత్రము లోపలనే గోడలు కట్టి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క గదిని ఏర్పరచు ఆపరేటింగు సిస్టములు కొన్ని వెలసినవి. వానిలో క్యూబ్స్ అనునది మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఈ వ్యాసములో మేము ఒకే ఒక ప్రశ్నను చర్చింపదలచితిమి. ఇంటిలో గదులు ఏర్పడిన పిమ్మట మరమ్మతుల అవసరము తీరిపోవునా? అప్‌డేటు అను మాటను నేడు అందరును వాడుచున్నారు. అది ఏదో కొత్త సొగసును తెచ్చిపెట్టునని పలువురు భావింతురు. భద్రతకు సంబంధించినంత వరకు దాని అసలు అర్థము మరమ్మతు. మరమ్మతు, తనిఖీ, దస్తఖతు, మొహరు అను ఈ మాటలన్నియు ఉర్దూ మూలముగా తెలుగులో స్థిరపడినవే. మన కళాశాలలోని ఉభయ భాషల విద్యార్థులకును ఇవి సొంత మాటలు. ఈ విషయమును బోధించుటకు ఇంతకంటె తగిన మాటలు మాకు దొరకలేదు.

ఒకే హాలు గల ఇల్లు

మొదట మరమ్మతు చేయకపోయిన ఏమగునో చూతము. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక తీవ్రమైన లోపమునకు మరమ్మతును విడుదల చేసినది. ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లు ఫైళ్లను పంచుకొను ఏర్పాటులో ఆ లోపము ఉండెను. సుమారు రెండు నెలలకు, మే 12వ తేదీన, వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము అదే రంధ్రము గుండా ప్రపంచమంతట వ్యాపించినది. అది ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు సొమ్ము అడిగెడిది. వాడువారు ఏ లింకును నొక్కనవసరము లేదు. మరమ్మతు లేని ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తనంతట తానే ప్రాకెడిది. నూట ఏబదికి పైగా దేశములలో అది కనిపించినది. బ్రిటన్ ఆరోగ్య సేవలోని ఆస్పత్రులలో రోగుల పనులు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతము దీని వాతబడినవి.

ఇచట గమనింపవలసిన విషయము కాలము. మరమ్మతు రెండు నెలల ముందే సిద్ధముగా ఉండెను. మరమ్మతు వెలువడిన నాడే లోపము ఎచటనున్నదో లోకమునకు తెలిసిపోవును. మరమ్మతుకు ముందరి ప్రోగ్రామును, తరువాతి ప్రోగ్రామును ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన నిపుణుడు ఆ లోపమును కనిపెట్టగలడు. కావున అప్‌డేటు వచ్చిన దినమునుండి వేసుకొనువారికిని దొంగకును నడుమ ఒక పందెము మొదలగును. రేపు, ఎల్లుండి అని వాయిదా వేయువారు ఆ పందెములో దొంగకు గడువు ఇచ్చుచున్నారు.

గదుల ఆలోచన

ఒకే యంత్రములో అనేక యంత్రములున్నట్లు భ్రమ కల్పించు విద్య క్రొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1972లోనే తన పెద్ద కంప్యూటర్ల కొరకు వీఎం/370 అను ఏర్పాటును ప్రకటించినది. దానిలో పలువురు ఒకే యంత్రమును వాడుచున్నను, ప్రతివారికిని తమకొక ప్రత్యేక యంత్రమున్నట్లే తోచెడిది. ఇట్టి ఊహా యంత్రమును వర్చువల్ మెషీన్ అందురు. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను ఇరువురు పండితులు తమ ప్రసిద్ధ వ్యాసములో ఒక సూత్రమును స్పష్టముగా నిలిపిరి. ప్రతి ప్రోగ్రామునకును, ప్రతి వ్యక్తికిని, వారి పనికి చాలినంత అధికారము మాత్రమే ఇవ్వవలెను. అంతకు మించి ఇవ్వరాదు. 1981లో జాన్ రష్‌బీ మరియొక అడుగు ముందుకు వేసి, వేర్వేరు భవనములలోని యంత్రములు ఎంత దూరముగా నుండునో, ఒకే యంత్రములోని భాగములును అంత దూరముగా నుండునట్లు విభజింపవచ్చునని ప్రతిపాదించెను.

ఈ ఆలోచన సామాన్యుని బల్లమీది కంప్యూటరుకు చేరుటకు చాల కాలము పట్టినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో రూపొందిన జెన్ అను ప్రోగ్రాము 2003లో వెలువడినది. ఒకే యంత్రములో అనేక వర్చువల్ మెషీన్లను నడిపి, వాని నడుమ గోడగా నిలుచునది ఈ జెన్. ఇట్టి దానిని హైపర్‌వైజరు అందురు. పోలండుకు చెందిన జోవన్నా రుట్కోవ్‌స్కా అను భద్రతా నిపుణురాలు, ఆపరేటింగు సిస్టముల గోడలను ఎట్లు దాటవచ్చునో చూపి 2006లో పేరు పొందినది. ఆమెయే తన సహచరులతో కలిసి 2010లో జెన్ ఆధారముగా క్యూబ్స్‌ను ప్రకటించినది. దాని మొదటి పూర్తి రూపము 2012 సెప్టెంబరులో వెలువడినది. 2018లో ఆమె ఆ బాధ్యతనుండి వైదొలగగా, మారెక్ మార్చికోవ్‌స్కీ-గురెట్స్కీ నాయకత్వము వహించెను.

క్యూబ్స్‌లో ఉత్తరములకు ఒక గది, బ్యాంకుకు ఒక గది, తెలియని వెబ్‌సైట్లకు ఒక గది ఉండును. ప్రతి కిటికీ చుట్టును ఆ గదికి కేటాయించిన రంగు అంచు ఉండుటచే, తానెచటనున్నాడో వాడువాడు కన్నుతోనే గుర్తింపగలడు. నెట్‌వర్కు పరికరమునకు ప్రత్యేకముగా ఒక గది కలదు. ఒక్కసారి వాడి మూసివేయగానే మాసిపోవు తాత్కాలిక గదులును కలవు. అనుమానముగల ఫైలును అట్టి గదిలో తెరచిన, దానిలోని విషము ఆ గదితోనే నశించును. వీటన్నిటికిని పైన, తెరను, కీబోర్డును, ఇతర గదులను నడుపు ఒక అధికార గది ఉండును. దానిని డామ్ జీరో అని పిలుతురు. ఆ గదికి ఇంటర్నెట్టు లేనే లేదు.

పది గదులకు ఒకే అచ్చు

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. పది గదులున్న ఇంటిలో పది గదులకును వేరువేరుగా సున్నము వేయవలెనన్న శ్రమ ఎంత! ఒక్కొక్క వర్చువల్ మెషీను ఒక్కొక్క పూర్తి ఆపరేటింగు సిస్టము. పదింటిని పది సారులు అప్‌డేటు చేయవలసివచ్చిన, ఒక నెలలోనే మనుష్యుడు విసిగి వదలివేయును. విసుగు కలిగించు భద్రత ఎక్కువ కాలము నిలువదు.

దీనికి క్యూబ్స్ నిర్మాతలు చేసిన ఉపాయము టెంప్లేటు, అనగా అచ్చు. డెబియన్ లేక ఫెడోరా అను లినక్సు రకముతో ఒక అచ్చును తయారుచేసి యుంచుదురు. ప్రోగ్రాములన్నియు ఆ అచ్చులోనే ఉండును. ఉత్తరముల గదియు, బ్యాంకు గదియు తెరచినపుడు ఆ అచ్చునుండి తమ ప్రోగ్రాములను గ్రహించును. గదికి సొంతముగా ఉండునది వాడువాని ఫైళ్లు, అమరికలు మాత్రమే. గది నడుచుచుండగా దొంగ ప్రవేశించి ప్రోగ్రాములను మార్చినను, ఆ మార్పు అచ్చును తాకదు. గదిని మూసి తెరచిన వెంటనే శుద్ధమైన అచ్చు మరల వచ్చును. అయితే గది సొంత ఫైళ్లలో దొంగ దాచినది మాత్రము మిగిలి యుండవచ్చును. ఈ భేదమును మరువరాదు.

ఈ పద్ధతిలో అచ్చును ఒక్కసారి మరమ్మతు చేసిన, దానిపై ఆధారపడిన గదులన్నియు బాగుపడును. అయితే ఇచట పలువురు పొరబడు చోటు ఒకటి కలదు. అచ్చు బాగుపడినంతమాత్రమున అప్పటికే తెరచియున్న గది బాగుపడదు. అది తెరచిన క్షణమున ఉన్న పాత అచ్చుతోనే నడుచుచుండును. మొదట మరమ్మతైన అచ్చును మూయవలెను. పిమ్మట గదిని మూసి మరల తెరవవలెను. వారము దినములుగా మూయని బ్రౌజరు గది, అచ్చు నిన్ననే బాగుపడినను, వారము నాటి రంధ్రముతోనే ఉండును. కొత్త మందు సీసాను అలమారలో పెట్టి, పాత సీసాలోని మందునే త్రాగువాని తీరు ఇది.

అచ్చునకు ఆయువు కూడ కలదు. ఫెడోరాలో ఒక్కొక్క సంచికకు సుమారు పదమూడు నెలలు మాత్రమే మరమ్మతులు వెలువడును. ఆ పిమ్మట ఎన్ని సారులు అప్‌డేటు బొత్తాము నొక్కినను క్రొత్తది రాదు. తెర మీద అంతయు సక్రమమన్న సందేశము కనిపించినను, నిజమునకు ఆ అచ్చు అనాథ. కావున అచ్చును మరమ్మతు చేయుట ఒక పని, కాలము తీరిన అచ్చును మార్చుట వేరొక పని.

మరియొక విషయము. గోడ ఒక గదిలోని దొంగను రెండవ గదికి పోనీయదు. కాని ఉన్న గదిని అది కాపాడదు. బ్యాంకు గదిలోని బ్రౌజరుకే రంధ్రమున్న, గోడలెంత మందముగా నున్నను బ్యాంకు సొమ్ము పోవును. గోడ చేయునది నష్టమునకు హద్దు గీయుట. మరమ్మతు చేయునది నష్టమునకు కారణమును తొలగించుట. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

మరమ్మతు చేయువాడును బయటివాడే

మరమ్మతులోనే ఒక అపాయము దాగియున్నది. తాపీ మేస్త్రిని పిలిచినపుడు మనమతనిని దివాన్‌ఖానాలో ఆపము. లోపలి గదులకే తీసికొనిపోదుము. అప్‌డేటు కూడ అట్టిదే. బయటనుండి వచ్చి, యంత్రములో అత్యున్నతమైన అధికారముతో పనిచేయును. కావున మేస్త్రి వేషములో దొంగ వచ్చిన, అతనికి ఇల్లంతయు వశమగును. అచ్చులోనికి దొంగ ప్రవేశించెనా, ఆ అచ్చుమీద నిలిచిన గదులన్నియు ఒక్కసారిగా కలుషితమగును. ఏ సౌకర్యము వలన ఒక మరమ్మతు పది గదులకు చేరుచున్నదో, అదే సౌకర్యము వలన ఒక విషము పది గదులకు చేరగలదు.

ఇందుకొరకు రెండు జాగ్రత్తలు తీసికొనబడినవి. మొదటిది, దారిని సన్నము చేయుట. అచ్చునకు ఇంటర్నెట్టుతో నేరుగా సంబంధముండదు. అప్‌డేటులను తెచ్చుకొనుటకు మాత్రము నెట్‌వర్కు గదిలోని ఒక మధ్యవర్తి ప్రోగ్రాము ద్వారా ఒక సన్నని దారి కలదు. డామ్ జీరోకు ఆ దారియు లేదు. దానికి కావలసిన మరమ్మతులను వేరొక గది దించి, ఫైళ్లుగా అందించును. డామ్ జీరో వానిపైనున్న దస్తఖతును తనిఖీ చేసి, సరియైనచో మాత్రమే స్వీకరించును. రెండవ జాగ్రత్త ఆ దస్తఖతే. ప్రతి మరమ్మతునకును నిర్మాతల డిజిటల్ మొహరు ఉండును. దారిలో ఎవరైనను ఒక్క అక్షరము మార్చినను మొహరు సరిపడదు. ఉత్తరమును తెచ్చిన మనిషిని నమ్మనవసరము లేదు; లక్క మొహరు చెదరకున్న చాలును.

మరి మొహరును పరీక్షించు ప్రోగ్రాములోనే లోపమున్న? ఇది ఊహ కాదు. 2019 జనవరిలో డెబియన్ లినక్సులో అప్‌డేటులను తెచ్చు ఏపీటీ అను ప్రోగ్రాములో అట్టి లోపమే బయటపడినది. దారిలో కూర్చున్న దొంగ ఒక తప్పుడు మళ్లింపు సమాధానమును పంపి, ఏపీటీని మోసగించి, తన ప్రోగ్రామును ఉన్నతాధికారముతో నడిపింపగలిగెడివాడు. ఈ లోపమును పూడ్చు మరమ్మతును తెచ్చుకొనవలసినది కూడ ఆ లోపముగల ఏపీటీ ద్వారానే! మళ్లింపులను నిలిపివేసి అప్‌డేటు చేయుడని డెబియన్ వారు సూచించిరి. క్యూబ్స్ వారు మరింత కఠినమైన మార్గమును చెప్పిరి. పాత అచ్చు అప్పటికే మోసపోయినదో లేదో లోపలినుండి నిశ్చయించుట కష్టము కనుక, దానిని తొలగించి, డామ్ జీరో దారిన దస్తఖతు సరిచూచిన క్రొత్త అచ్చును తెచ్చుకొనుడని వారి సలహా. ఆ దారి ఏపీటీపై ఆధారపడినది కాదు. ఒకే తలుపున్న ఇంటిలో తలుపు చెడిన దిక్కులేదు. రెండవ తలుపు వేరొక రకపు తాళముతో ఉండుటచే గండము గడచినది.

దస్తఖతు కూడ సర్వము కాదని 2024 మార్చి తెలిపినది. ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాములో, జియా తాన్ అను పేరుతో రెండేండ్లకు పైగా ఓపికగా సహాయము చేసి నమ్మకము సంపాదించినవారు, రహస్యపు ద్వారమును అమర్చిరి. మొహరు సక్రమమే, మొహరు వేసిన చేతిలోనే మోసమున్నది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరపు యంత్రమునకు లాగిన్ కావుటకు అర సెకను అదనముగా పట్టుచున్నదేమని ఆరా తీసి దీనిని కనిపెట్టెను. ఆ ప్రోగ్రాము అప్పటికి డెబియన్ వారి పరీక్షా దశలోని రకములకు చేరినది గాని స్థిరమైన రకమునకు చేరలేదు. పరీక్షా దశ అనునది ఎందులకో దీనివలన తెలియును. దస్తఖతు ఎవరు పంపిరో చెప్పును. పంపినది మంచిదో కాదో చెప్పజాలదు.

గోడకే బీట పడినపుడు

ఇంతవరకు గోడ గట్టిదని భావించి మాట్లాడితిమి. గోడయు మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామే. 2015 అక్టోబరు 29వ తేదీన జెన్ నిర్మాతలు తమ 148వ భద్రతా ప్రకటనను వెలువరించిరి. ఒక గది తన జ్ఞాపకశక్తి పట్టికలను మార్చుకొనుటకు అనుమతి అడిగినపుడు జరుపవలసిన ఒక పరీక్షను జెన్ జరుపుటలేదు. దానివలన ఒక గదిలోని దొంగ యంత్రములోని యావత్తు జ్ఞాపకశక్తిని చదువుటకును, మార్చుటకును వీలుండెను. ఈ బీట సుమారు ఏడేండ్లుగా గోడలో ఉండి ఎవరి కంటను పడలేదు. తాము ఆధారపడిన గోడను గూర్చి క్యూబ్స్ వారు దాచలేదు. జెన్ నాణ్యతను నిష్ఠురముగా విమర్శించుచు బహిరంగముగా వ్రాసిరి. 2016లోను, 2017లోను అట్టి జాతి లోపములే మరల బయటపడినవి.

ఇచట వారు చేసినది రెండు రకముల పని. మొదటిది, ఎప్పటికప్పుడు బీటను పూడ్చుట. రెండవది, బీటలు ఒకే చోట మరల మరల పడుచున్నప్పుడు ఆ గోడను కట్టిన తీరునే మార్చుట. 2018 మార్చిలో విడుదలయిన క్యూబ్స్ 4.0లో చాల గదులను, కేవలము ప్రోగ్రాముతో విభజించు పాత పద్ధతినుండి, ప్రాసెసరు చిప్పులోని సహాయముతో విభజించు పద్ధతికి మార్చిరి. మరమ్మతు ఎంత దూరము పోవలెనో దీనివలన తెలియుచున్నది. ఒకే మూలన పదే పదే నీరు కారుచున్న కప్పునకు ప్రతి వర్షాకాలము పూత పూయువాడు కప్పును మరమ్మతు చేయుటలేదు, వానను ఎదురుచూచుచున్నాడు.

2018 జనవరిలో మరియొక సత్యము బయటపడినది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను పేర్లతో ప్రకటింపబడిన లోపములు ప్రోగ్రాములలోనివి కావు, ప్రాసెసరు చిప్పులలోనివి. వేగము కొరకు చిప్పు ముందుగానే ఊహించి చేయు పనులు, గోడకు అవతలి రహస్యముల జాడను వదలుచున్నవి. వానికి మరమ్మతు ప్రోగ్రాములోను, చిప్పును నడుపు సూక్ష్మ ఆజ్ఞలలోను, రెండు చోట్ల జరుగవలసి వచ్చినది. గోడ నిలిచిన నేలను కూడ తనిఖీ చేయవలెనని దీని సారము.

ఇట్టి మరమ్మతులలో గదిని మూసి తెరచిన చాలదు. జెన్ గాని, చిప్పు ఆజ్ఞలు గాని మారినపుడు యంత్రమునంతటిని ఆపి మరల ప్రారంభింపవలెను. దీనికి విరుద్ధముగా తోచు సంగతి ఒకటి కలదు. 2023 డిసెంబరులో వెలువడిన క్యూబ్స్ 4.2లోని డామ్ జీరో, అదే నెలలో మద్దతు ముగిసిన ఫెడోరా 37పై నిర్మింపబడినది. ఇది నిర్లక్ష్యము కాదా యని విద్యార్థులు అడుగవచ్చును. ఆ గదికి ఇంటర్నెట్టు లేదు. అందులో బ్రౌజరును ఎవరును నడుపరు. బయటి ఫైలును ఎవరును తెరువరు. అందులో అపాయమునకు దారితీయగల కొద్ది భాగములను, ముఖ్యముగా జెన్‌ను, క్యూబ్స్ వారే మరమ్మతు చేయుచుందురు. ఏ గదికి ఏ మరమ్మతు అత్యవసరమో నిర్ణయించునది ఆ గది వయస్సు కాదు. ఆ గదికి ఎవరు చేరగలరన్నది.

మరమ్మతే గాయపరచినపుడు

అప్‌డేటును వాయిదా వేయువారు చెప్పు కారణములలో ఒకటి నిజమైనది. మరమ్మతు కొన్నిసారులు ఉన్నదానిని చెడగొట్టును. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా ప్రోగ్రామునకు పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. ఆ సంస్థ గంటన్నర లోపుననే దానిని ఉపసంహరించినను, పడిపోయిన యంత్రములు తమంతట తాము లేవలేదు. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. దాడి ఏదియు లేదు, దొంగ ఎవడును లేడు. యంత్రపు లోతైన పొరలో పనిచేయు ప్రోగ్రామునకు, ముందుగా కొన్నిటిపై పరీక్షింపక, ఒక్కసారిగా అన్నిటికి పంపిన మార్పు అది.

గదుల ఇంటిలో ఈ భయమునకు కొంత ఉపశమనము కలదు. అచ్చునకు ముందుగా నకలు తీసి, నకలును మరమ్మతు చేసి, ఒక ముఖ్యము కాని గదిని దానిపై నడిపి చూడవచ్చును. బాగుండిన మిగిలిన గదులను దానికి మార్చవచ్చును. లేనియెడల పాత అచ్చు అట్లే ఉన్నది. విభజన వలన కలుగు మేలు దొంగను ఆపుటతో ముగియదు. ధైర్యముగా మరమ్మతు చేయుటకును అది అవకాశమిచ్చుచున్నది. భయము లేనివాడు వాయిదా వేయడు.

మనమేమి చేయవలెను

క్యూబ్స్‌ను ప్రతివారును వాడవలెనని మేము చెప్పుటలేదు. దానికి 16 గిగాబైట్ల ర్యామ్ ఉండుట మంచిదని దాని నిర్మాతలే సూచించుచున్నారు. ప్రాసెసరు కూడ కొన్ని ప్రత్యేక శక్తులు గలదై యుండవలెను. సామాన్య విద్యార్థి యంత్రమునకు అది భారము. కాని దాని పాఠము ఏ యంత్రమునకైనను వర్తించును.

విద్యార్థి మిత్రులారా, ఫోనులో గాని కంప్యూటరులో గాని అప్‌డేటు వచ్చినపుడు వారములో ఒక నియతమైన సమయమున దానిని వేసికొనుడు. వేసిన పిమ్మట యంత్రమును తప్పక మరల ప్రారంభింపుడు. అంతవరకు పని పూర్తికాలేదు. అప్‌డేటును దాని సొంత దారినుండియే తెచ్చుకొనుడు. సందేశములో వచ్చిన లింకు మేస్త్రి వేషము కావచ్చును. ఇంటిలో ఒకే కంప్యూటరున్నను, బ్యాంకు పనికి ఒక యూజరు ఖాతా, ఆటపాటలకు మరియొక ఖాతా పెట్టుకొనవచ్చును. ఇది పలుచని గోడయే. అయినను గోడ లేకుండుట కంటె మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. స్కాలర్‌షిప్పుల కొరకు విద్యార్థులు తమ ఆధార్ నంబర్లను, ఆదాయ ధ్రువపత్రములను, బ్యాంకు ఖాతా వివరములను ఏ కళాశాలకైనను నమ్మి అప్పగించుచున్నారు. ఆ పత్రములలో పేద కుటుంబముల సర్వస్వము ఉన్నది. వానినుంచు కంప్యూటరును ఆ పనికి మాత్రమే కేటాయింపవలెను. బయటి పెన్‌డ్రైవులను వేరొక యంత్రములో తెరవవలెను. యంత్రములన్నిటికి ఒక పట్టికను వ్రాసి, ఏ యంత్రము ఏనాడు మరమ్మతైనదో నమోదు చేయవలెను. ముందుగా ఒక యంత్రమునకు అప్‌డేటు వేసి, మరునాడు మిగిలినవానికి వేయవలెను. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దానితో నడుచు యంత్రములకు అదనపు మద్దతును సంపాదించుటయో, క్రొత్త ఆపరేటింగు సిస్టమును వేయుటయో, ఇంటర్నెట్టునుండి విడదీయుటయో జరుగవలెను. వీనిలో చాల వాటికి పెద్ద ఖర్చు లేదు. ఒక మనిషి, ఒక పుస్తకము, వారమునకొక గంట చాలును.

పూర్వులు దివాన్‌ఖానాను కట్టి ఊరకుండలేదు. ప్రతి యేడు వానలకు ముందు కప్పు ఎక్కి, పగిలిన పెంకును మార్చుచుండిరి. గోడ మనకు వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిని మరమ్మతునకు వినియోగించుట మన చేతిలోని పని.